పొట్టి మొక్క అనుకుని కొన్నది ఐదడుగులు పెరిగితే

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో ఆరో అంతస్తు ఫ్లాట్. పడమటి వైపు సన్నటి బాల్కనీ, తూర్పున వంటింటి పక్కన చిన్న యుటిలిటీ ఉన్నాయి. పోయిన ఏడాది ఊరి నుంచి వస్తూ ఒక నర్సరీలో ఆగి, అన్నీ డ్వార్ఫ్ రకాలే అంటే ఐదు మొక్కలు తెచ్చాను: మందారం, నూరువరహాలు, నందివర్ధనం, మధుకామిని, యుఫోర్బియా. మందారం ఐదడుగులు దాటింది, పూలు మాత్రం తగ్గాయి. నూరువరహాలకు కొత్త ఆకులు పసుపుపచ్చగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. మధుకామిని ఒక్కసారి పూసి ఊరుకుంది. అన్నిటినీ నెలకోసారి గుండ్రంగా కత్తిరిస్తున్నాను. కొన్ని నల్ల ప్లాస్టిక్ కుండీల్లో, రెండు సిమెంటు కుండీల్లో ఉన్నాయి. పోసేది బోరు నీళ్ళు, అప్పుడప్పుడు వాడిన టీ పొడి, ఉల్లిపొట్టు నీళ్ళు కూడా. బాల్కనీకి బరువు ఎక్కువవుతుందని మావారికి టెన్షన్. పూజకు నాలుగు పూలైనా రావడం లేదని అత్తయ్యగారి దెప్పు. నిజంగా చిన్నగా ఉండే పూల మొక్కలు ఏవి? ఉన్నవాటిని ఏం చేయాలి? ఈ నెలాఖరులో పది రోజులు ఊరెళ్తున్నాం, అప్పుడు నీళ్ళ సంగతేమిటి? ఫొటోలు పంపుతున్నాను. — ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, ఫొటోలు పంపి మంచి పని చేశారు. అవి లేకపోతే మీకు అక్కర్లేని సలహాలు చాలా ఇచ్చేవాణ్ణి. మీ ఐదింటిలో నూరువరహాలు, నందివర్ధనం నిజమైన పొట్టి రకాలే. యుఫోర్బియా ఎలాగూ పెద్దగా పెరిగే మొక్క కాదు. మందారం, మధుకామిని మాత్రం మామూలువి. మీరు కొన్న రోజున చిన్నగా ఉన్నాయి, అంతే. మూడేళ్ళ పిల్లాణ్ణి చూసి పొట్టివాడు అనేస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే.

మరి అడుగు ఎత్తున్న మందారానికి అరచేయంత పువ్వు ఎలా వచ్చిందని మీరు అడగొచ్చు. పూస్తున్న పెద్ద మొక్క నుంచి కొమ్మ కత్తిరించి నాటితే దానికి మళ్ళీ చిన్నతనం ఉండదు. వేళ్ళు పట్టిన కొద్ది నెలలకే మొగ్గ వేస్తుంది. కాబట్టి చిన్న కవర్లో పువ్వుతో నవ్వుతూ కనిపించినంత మాత్రాన అది పొట్టి రకమని అనుకోకూడదు. ఇంకో సంగతీ ఉంది. మామిడి రైతులు కాపు కోసం వాడే ప్యాక్లోబ్యుట్రజాల్, అదే కల్టార్, పూల మొక్కల పెంపకంలోనూ వాడుకలో ఉంది. మొక్క సాగడానికి కారణమైన జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారీని అది అడ్డుకుంటుంది. ఆకులు ముదురాకుపచ్చగా, దగ్గరదగ్గరగా, బొద్దుగా వస్తాయి. కొన్ని నెలలకు మందు ప్రభావం తగ్గగానే మొక్క తన అసలు ఎత్తుకు బయల్దేరుతుంది. నర్సరీల వాళ్ళందరూ ఇలా చేస్తారని కాదు, చేయడం మోసమనీ కాదు. కొనేవాళ్ళకు తెలిసి ఉంటే చాలు. మీ మందారం ఫొటో చూడండి. మొదలు నుంచి అడుగున్నర ఎత్తు దాకా ఆకులు గుత్తిగా ఉన్నాయి, ఆపైన ఒక్కసారిగా కణుపుకూ కణుపుకూ మధ్య మూడు వేళ్ళ వెడల్పు ఖాళీ వచ్చింది. మందు వాడారని నేను ప్రమాణం చేయలేను గానీ, మందు దిగిన మొక్క సరిగ్గా ఇలాగే ఉంటుంది.

అసలైన పొట్టి రకానికి గుర్తు ఆ కణుపులే. పాత కొమ్మలోనూ కొత్త చిగురులోనూ కణుపుల మధ్య దూరం ఒకేలా, తక్కువగా ఉండాలి. చాలా వాటికి ఆకు కూడా చిన్నదే. మామూలు నూరువరహాల ఆకు వేలంత పొడవుంటే పొట్టి రకం ఆకు అందులో సగం ఉంటుంది. నర్సరీకి వెళ్ళినప్పుడు "ఇది డ్వార్ఫేనా?" అని అడగకండి. ఔననే అంటారు. "దీన్ని నేలలో వేస్తే మూడేళ్ళకి ఎంత ఎత్తు పోతుంది? మీ దగ్గర పాత మొక్క ఉంటే చూపిస్తారా?" అని అడగండి. పాత మొక్కను చూశాక మీరే తేల్చుకోవచ్చు. ఆదివారం సాయంత్రం రద్దీలో కాకుండా మామూలు రోజు పొద్దున వెళ్తే చూపించే ఓపిక వాళ్ళకీ ఉంటుంది.

ఇక నూరువరహాల పసుపు ఆకులు. ఈ ప్రశ్న హైదరాబాద్ నుంచి వచ్చినంతగా ఇంకెక్కడి నుంచీ రాదు. కొత్త ఆకు పసుపై ఈనెలు పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. ముసలి ఆకులు మొత్తంగా పాలిపోతే నత్రజని తక్కువైనట్టు. రెండూ ఒకటనుకుని యూరియా వేసేవాళ్ళున్నారు, మీరు వేయలేదు కదా? మట్టిలో ఇనుము లేక కాదు ఈ లోపం వచ్చేది. నూరువరహాలకు కాస్త పులుపు నేల కావాలి, పీహెచ్ 5 నుంచి 6 వరకు. మన బోరు నీళ్ళలో సున్నం, బైకార్బొనేట్లు ఎక్కువ. ఏడాది పాటు అవే పోస్తే కుండీ మట్టి క్షారంగా మారిపోతుంది. ఇనుము అందులోనే ఉన్నా వేరు తాగలేని రూపంలోకి వెళ్ళిపోతుంది. పైగా మీది సిమెంటు కుండీ. దాని గోడల నుంచి కూడా సున్నం దిగుతూ ఉంటుంది. నూరువరహాలు, గంధరాజం లాంటి పులుపు కోరే మొక్కల్ని సిమెంటు కుండీలో పెట్టకూడదు. ముందు దాన్ని మట్టి కుండీలోకో ప్లాస్టిక్ కుండీలోకో మార్చాలి. అయితే ఈ ఎండల్లో కాదు, వానలు పడ్డాక.

ఈలోపు వెంటనే చేయదగ్గది ఒకటుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, వడకట్టి, సాయంత్రం ఎండ తగ్గాక ఆకుల మీద పిచికారీ చేయండి. వారానికోసారి చొప్పున మూడు సార్లు చాలు. కలిపిన రోజే వాడేయాలి, నిలవ ఉంచితే ఎర్రగా తిరిగి పనికిరాకుండా పోతుంది. టైల్స్ మీద పడితే తుప్పు మరక పోదు, కింద పాత గోనెసంచి పరవండి. ఇప్పటికే పసుపైన ఆకులు పూర్తిగా తిరగకపోవచ్చు, చూడాల్సింది తర్వాత వచ్చే చిగురును. ఎరువులు, పురుగుమందుల దుకాణంలో ఇనుము చెలేట్, అంటే మొక్క తేలిగ్గా తీసుకునే రూపంలో ఉన్న ఇనుము, అడిగితే సాధారణంగా ఈడీటీఏ రకం ఇస్తారు. అది క్షారపు మట్టిలో నిలవదు, ఆకుల మీద చల్లుకోవడానికి సరే. మట్టిలో వేయాలంటే ఈడీడీహెచ్ఏ రకం అడిగి తీసుకోండి, ధర ఎక్కువే.

నీళ్ళు మార్చకుండా ఇవన్నీ చేసినా మూడు నెలలకు మళ్ళీ నాకు ఉత్తరం రాస్తారు. మీ బిల్డింగ్‌కు మంజీరా నీళ్ళో కృష్ణా నీళ్ళో వస్తుంటే నూరువరహాలకు అవి పోయండి. వానాకాలంలో రెండు బకెట్లు వాన నీళ్ళు పట్టుకోండి. ఇప్పుడైతే ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి. ఏసీ నుంచి కారేది గాలిలోని తేమ, అందులో లవణాలు దాదాపు ఉండవు. రోజూ బకెట్‌కు పట్టినంత వృథాగా పోతోంది. ఆర్ఓ ఫిల్టర్ నుంచి బయటికి వదిలే నీళ్ళు మాత్రం వద్దు. శుద్ధి చేసే మెషిన్ నుంచి వచ్చేవి కాబట్టి మంచివనుకుంటారు చాలామంది. తాగే నీటిలోంచి తీసేసిన లవణాలన్నీ వాటిలోనే ఉంటాయి, బోరు నీళ్ళకంటే అవి అధ్వాన్నం. వాడిన టీ పొడి, ఉల్లిపొట్టు నీళ్ళ గురించి కూడా రాశారు. పోస్తే మొక్క చావదు గానీ, ఈ జబ్బుకు అవి మందు కాదు.

తర్వాత మీ కత్తెర. నెలకోసారి గుండ్రంగా కత్తిరించడం డురాంటా లాంటి ఆకు మొక్కలకు బాగుంటుంది. నూరువరహాలు, మధుకామిని కొమ్మ చివరనే గుత్తి వేస్తాయి. మందారం కొత్త కొమ్మ మీద, చిగురు సాగేకొద్దీ మొగ్గ తొడుగుతుంది. మీరు నెలనెలా తీసేస్తున్నది ఆ చివర్లనే. అత్తయ్యగారి పూజకు పూలు రాకపోవడానికి సగం కారణం ఇదేనమ్మా. నూరువరహాలకు గుత్తి వాడిన తర్వాత ఆ గుత్తిని, దాని కింద రెండు ఆకుల జతల్ని కలిపి తీసేయండి, అంతకు మించి అక్కర్లేదు. అసలు పొట్టి రకం కొనుక్కునేదే కత్తెర పని తప్పుతుందని. కత్తిరిస్తేనే చిన్నగా ఉండే మొక్క ఏదైనా ఉంటే అది పొట్టి రకం కాదన్నమాట.

మీ నందివర్ధనం ఫొటోలో ఒక విషయం మీరు గమనించినట్టు లేదు. తెల్ల అంచున్న ఆకుల మధ్య నుంచి ఒక కొమ్మ పూర్తి ఆకుపచ్చగా, మిగతావాటికంటే ఏపుగా లేచింది. అది మొక్క తన పాత గుణానికి తిరిగిపోవడం. పచ్చదనం ఎక్కువ కాబట్టి ఆ కొమ్మకు బలం ఎక్కువ, వదిలేస్తే ఏడాదిలో మొక్కంతా అదే అవుతుంది. మొదలంటా తీసేయండి, సగానికి కత్తిరిస్తే రెండై వస్తుంది. అంటు కట్టిన గులాబీలు, అడీనియంలు ఉన్నవాళ్ళు కూడా అతుకు కింద నుంచి వచ్చే పిలకల్ని ఇలాగే కనిపెట్టి తీసేయాలి.

మందారాన్ని ఏం చేయాలంటారా? రెండు దారులున్నాయి. కింద అపార్ట్‌మెంట్ ఆవరణలో ఎండ తగిలే నేల ఉంటే వానాకాలంలో అక్కడ నాటించండి, హాయిగా పెరిగి అందరికీ పూలిస్తుంది. అత్తయ్యగారు పొద్దున్నే కిందికి దిగి కోసుకోవచ్చు. వదులుకోలేకపోతే జులైలో మూడో వంతు ఎత్తు తగ్గించి, 14 అంగుళాల కుండీలోకి మార్చండి. ఏటా ఈ పని తప్పదని మాత్రం ఒప్పుకోవాలి. నేనైతే కిందికి పంపించేస్తాను. ఫొటోలో చిగుళ్ళ సందుల్లో తెల్లటి దూది లాంటిది కూడా కనిపిస్తోంది, అది పిండినల్లి. ముందు నీళ్ళ ధారతో గట్టిగా కడిగి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రాలు కొట్టండి. చీమలు ఎక్కుతుంటే వాటినీ ఆపాలి. పిండినల్లి వదిలే తీపి కోసం దాన్ని కాపాడేది అవే.

మధుకామిని కూడా నేలలో పదడుగులు దాటే మొక్కే. అయితే నెమ్మదిగా పెరుగుతుంది, కుండీలో నాలుగడుగుల దగ్గర నిలపడం కష్టం కాదు. ఇది రోజూ పూసే మొక్క కాదు, విడతలు విడతలుగా, ముఖ్యంగా వానల తర్వాత ఒక్కసారి విరగబూసి బాల్కనీ అంతా వాసనతో నింపుతుంది. కత్తెర ఆపి ఈ వర్షాకాలం ఓపిక పట్టండి. దీనిలోనే చిన్న ఆకుల మినియేచర్ రకం ఒకటి దొరుకుతుంది, మళ్ళీ కొనాల్సి వస్తే అది తీసుకోండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, నిజంగా చిన్నగా ఉండేవి ఏవని. పడమటి బాల్కనీ అంటే మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా మండే ఎండ. అక్కడ నాకు అన్నిటికంటే నచ్చేది పొట్టి దానిమ్మ. రెండు మూడు అడుగుల్లో ఆగుతుంది, ఎర్రటి పూలు, నిమ్మకాయంత కాయలు కాస్తుంది. కాయ పుల్లన, తినడానికి కాదు, చూడ్డానికి. మన ఎండకూ, సున్నపు నీళ్ళకూ పెద్దగా బెదరదు. ఇంత మంచి మొక్కను మనవాళ్ళు ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. మీ యుఫోర్బియా కూడా అక్కడికే తగినది, నీళ్ళు మర్చిపోయినా ఏడాది పొడుగునా పూస్తుంది. దాని ముళ్ళు, కొమ్మ విరిస్తే కారే పాలు పిల్లల చేతికీ కంటికీ తగలకుండా చూసుకోండి. అడీనియం పొట్టి రకమేమీ కాదు గానీ కుండీలో తనంతట తానే ఒదుగుతుంది, దాని పాలు కూడా విషమే. పొద వేసే అలమంద పసుపు పూలతో బాగుంటుంది, తీగ రకం అంటగట్టకుండా చూసుకోండి. కాగితం పూలలో కూడా గుబురుగా, పొట్టిగా ఉండే రకాలున్నాయి, వేళ్ళు కుండీలో కాస్త బిగిసి ఉంటేనే అది బాగా పూస్తుంది కాబట్టి పెద్ద కుండీ ఇవ్వకండి.

తూర్పు యుటిలిటీలో పొద్దున ఎండ నాలుగు గంటలైనా తగులుతుంటే మీ నూరువరహాలు, నందివర్ధనం అక్కడికి మార్చండి. పూజకు తెల్ల నందివర్ధనం రోజూ నాలుగైనా ఇస్తుంది. వాటి పక్కన కనకాంబరం పెట్టండి. డ్వార్ఫ్ అని ఇంగ్లీషు పేర్ల వెంట పడి మనింటి పొట్టి పొదను మర్చిపోయాం. రెండడుగులకు మించదు, కాస్త నీడ తగిలినా అలగదు, దాదాపు ఏడాదంతా పూస్తుంది. ఢిల్లీ కనకాంబరం అనే రకం గింజ కట్టదు, కొమ్మలతోనే పెంచుతారు, పువ్వు పెద్దది. పాత తోట మట్టిలో మాత్రం నాటకండి, వేళ్ళకు నులిపురుగు పడుతుంది. కనీసం నాలుగు గంటల ఎండ కూడా రాని చోట పూల మొక్కే వద్దు. వెలుగు చాలకపోతే నిజమైన పొట్టి రకం కూడా మెడ సాచి వెలుగు కోసం పొడుగవుతుంది, అప్పుడు నర్సరీ వాళ్ళను తిట్టుకుని లాభం లేదు.

మీవారి టెన్షన్‌లో అర్థం ఉంది. 12 అంగుళాల కుండీ నిండా మట్టి పోసి నీళ్ళు పెడితే పాతిక కిలోలు తూగుతుంది. కుండీతో కలిపి ఇంకా పైనే. బరువైనవి గోడ వారగా పెట్టి రెయిలింగ్ అంచున తేలికవి ఉంచండి, రెయిలింగ్‌కు బయట ఏదీ వేలాడదీయకండి. మట్టికి బదులు మిశ్రమం వాడితే బరువు చాలా తగ్గుతుంది: ఎర్రమట్టి ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఒక పాలు, వర్మీకంపోస్టు గానీ బాగా చివికిన పశువుల ఎరువు గానీ ఒక పాలు, గుప్పెడు వేపపిండి. కోకోపీట్‌లో ఉప్పు ఉండొచ్చు, రెండు మూడు నీళ్ళు మార్చి కడిగి పిండాకే కలపండి. దానిమ్మ, యుఫోర్బియా, అడీనియంలకు కోకోపీట్ తగ్గించి ముతక ఇసుక, ఇటుక ముక్కలు పెంచాలి. పొట్టి పొదలకు 10 నుంచి 12 అంగుళాల కుండీ సరిపోతుంది. చిన్న మొక్కను ఒకేసారి పెద్ద కుండీలో పెడితే వేరు అందుకోలేని తడి మట్టి మిగిలి కుళ్ళు వస్తుంది.

కుండీ మార్చేటప్పుడు ఇంకో చిక్కు. కడియం, కడియపులంక వైపు నుంచి వచ్చే మొక్కల్లో చాలా వాటికి వేరు చుట్టూ గోదావరి మట్టి గడ్డ ఉంటుంది. దాన్ని అలాగే కోకోపీట్ మిశ్రమంలో దించితే, పోసిన నీళ్ళు వదులుగా ఉన్న మిశ్రమంలోంచి జారిపోతాయి, మధ్య గడ్డ ఎండిపోయి ఉంటుంది. పైన తడి కనిపిస్తుంది, మొక్క వాడిపోతుంది. గడ్డను బకెట్ నీళ్ళలో కాసేపు నానబెట్టి, బయటి మట్టిని వేళ్ళతో మెల్లగా విదిలించి నాటండి. రెండేళ్ళకోసారి వానాకాలంలో మొక్కను తీసి, చుట్టూ అల్లుకున్న వేళ్ళను పావు వంతు కత్తిరించి, కొత్త మిశ్రమంతో అదే కుండీలో పెడితే ఇంకా పెద్ద కుండీ అవసరమే రాదు. నీళ్ళలో కరిగే 19:19:19 ఎరువు లీటరుకు 2 గ్రాములు, పదిహేను రోజులకోసారి, తడి మట్టిలో పోయాలి. ఎండాకాలంలో అదీ మానేయండి.

ఊరెళ్ళే పది రోజులకు: వెళ్ళే ముందు రోజు సాయంత్రం కుండీలన్నిటినీ పడమటి బాల్కనీ నుంచి తీసి తూర్పు వైపు ఒకదానికొకటి ఆనించి గుంపుగా పెట్టండి. నల్ల ప్లాస్టిక్ కుండీలు పక్క నుంచి ఎండ తగిలితే వేడెక్కి వేళ్ళను ఉడికిస్తాయి, కాబట్టి వాటిని గుంపు మధ్యలో ఉంచి పాత నూలు చీర చుట్టండి. యుఫోర్బియాను గుంపులో చేర్చక్కర్లేదు, నీడన పెడితే పది రోజులు ఉండగలదు. మిగతావాటికి అడుగు నుంచి కారేదాకా ఒకసారి, గంట ఆగి మరోసారి నీళ్ళు పోసి, మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులో కొబ్బరి పీచో పరవండి. అయినా ఈ ఎండలకు పది రోజులు ఆగవు. పక్కింటివాళ్ళకో వాచ్‌మన్‌కో తాళం ఇచ్చి రోజు విడిచి రోజు పోయమనండి. ఏ కుండీకి ఎన్ని మగ్గులో సుద్దముక్కతో కుండీ మీదే రాసి వెళ్ళండి, లేకపోతే యుఫోర్బియాకూ మందారంతో సమానంగా పోస్తారు. కుండీల కింద ప్లేట్లు పెట్టకండి, నిలిచిన నీళ్ళలో దోమలు గుడ్లు పెడతాయి. తిరిగొచ్చాక కొత్త మొక్కలేవీ వెంటనే కొనకండి, రెండు మంచి వానలు పడనివ్వండి.